రెండు పాజిటివ్ రిపోర్టులు

గుఢియారీ, రాయ్‌పూర్
14 జూన్ 2004

చిరంజీవి హెలెన్‌కు మామ్మ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. తారీఖు వేయలేదు. తారీఖు లేని ఉత్తరం నంబరు లేని ఇల్లులాంటిది. పరిశోధన చేసే పిల్లకు ఇది తగదు.

ముందు మంచి కబురు. రైల్వేలో మీ నాన్న ఉద్యోగం రజనికి ఇస్తున్నారు. ఐజాక్ డ్యూటీలో పోయిన రెండేళ్ళకు కాగితాలన్నీ పాసయ్యాయి. ఆఫీసులో గుమాస్తా పోస్టు. చదువు కోసం నువ్వు వద్దన్నావు కాబట్టి చెల్లెలికి దక్కింది. ఇక మెడికల్ పరీక్ష ఒక్కటే మిగిలింది, ఆగస్టు మొదటి వారంలో. దీర్ఘరోగాలేమీ లేవని, ఏ మందూ వాడటం లేదని అభ్యర్థి స్వయంగా రాసి సంతకం చేయాల్సిన ఫారం కూడా ఉందట. ఈ ఉద్యోగం పోతే మరొకటి ఇవ్వరు. నాకు డెబ్బై రెండు నిండాయి. నా తరువాత దానికి నిలబడే చోటు ఇదే.

ఇక రెండో సంగతి. రజనికి వేసవి మొదటినుంచి కీళ్ళ నొప్పులు. డాక్టరు ఏఎన్ఏ అనే రక్తపరీక్ష చేయిస్తే పాజిటివ్ అని వచ్చింది. మనల్ని కాపాడాల్సిన యాంటీబాడీలు మన కణాల లోపలి డీఎన్ఏ మీదికే తిరుగుతున్నాయని ఆయన అన్నాడు. ఒక పెద్ద జబ్బు పేరు కూడా చెప్పాడు. రుజువు కాని పేరును నేను కాగితం మీద పెట్టను. మాత్రలు ఇచ్చాడు, వేస్తున్నాను.

నువ్వు చదివేది ఇదే కదా. నాకొక జవాబు కావాలి. ఏ జబ్బూ లేనివాళ్ళ రక్తంలో కూడా డీఎన్ఏను పట్టుకునే యాంటీబాడీలు ఉంటాయా, ఉండవా? చుట్టుతిప్పుడు వద్దు. పరుగెత్తుకుంటూ రావద్దు. నాన్న పోయినప్పుడు ఒక టర్ము పోగొట్టుకున్నావు, అది చాలు.

వాన ఇంకా రాలేదు. ధర్సీవా ఫ్యాక్టరీల వైపునుంచి గాలి వీస్తే ఆరేసిన బట్టల మీద నల్ల మసి. తెల్లచీరలు లోపలే ఆరబెడుతున్నాను.

నీ మేలు కోరే
ఎస్తేరు మామ్మ


వేలూరు
21 జూన్ 2004

ప్రియమైన మామ్మకు వందనాలు.

తారీఖు పైన ఉంది, చూసుకో.

నీ ప్రశ్నకు చుట్టుతిప్పుడు లేని జవాబు: ఉంటాయి. నువ్వు ఆ ప్రశ్న అడిగినందుకు నాకెంత సంతోషం వేసిందో తెలుసా? మూడేళ్ళుగా ఇంట్లో ఎవరూ నా పని గురించి అడగలేదు. 'రక్తంతో ఏదో చేస్తుంది' అని రజని అందరికీ చెబుతుంది.

డీఎన్ఏ మీద యాంటీబాడీలు జబ్బు ఉన్నవాళ్ళలోనే ఉంటాయని చాలాకాలం అనుకున్నారు. అది నిజం కాదు. మా ఫ్రీజరులో రక్తదానానికి వచ్చిన ఆరోగ్యవంతుల సీరం ఉంది. సూక్ష్మక్రిముల డీఎన్ఏను వాటి ముందు పెడితే, దాదాపు ప్రతి సీసాలోనూ దాన్ని పట్టుకునే యాంటీబాడీలు కనిపిస్తాయి. మన ఒంట్లోకి రోజూ క్రిములు వస్తూనే ఉంటాయి కదా, వాటితో పడిన పరిచయం అది. ఆరోగ్యవంతులు ఏం పట్టుకుంటారు, రోగులు ఏం పట్టుకుంటారు అన్నదే నా పరిశోధన.

ఏఎన్ఏ కూడా అంతే. ఆరోగ్యంగా తిరిగేవాళ్ళలో కొందరికి పాజిటివ్ వస్తుంది, పెద్ద వయసు ఆడవాళ్ళలో మరీ ఎక్కువ. మిగతా పరీక్షలు బాగుంటే దీన్ని చూసి కంగారు పడక్కర్లేదు. రజని కాలేజీ రోజుల నుంచీ మెట్లెక్కితే మోకాళ్ళ నొప్పులు అనేది, బద్ధకం దాని అసలు జబ్బు అని నా నిర్ధారణ. ఉద్యోగంలో చేరితే అదే కుదురుతుంది.

హాస్టల్లో పప్పుచారు అని ఒకటి పోస్తున్నారు. అందులో పప్పును కనిపెట్టడం నా పరిశోధన కన్నా కష్టం.

నీ
హెలెన్

తా.క. ఏ మాత్రలిచ్చారో పేర్లు రాయి.


గుఢియారీ
2 జూలై 2004

చిరంజీవి హెలెన్‌కు దీవెనలు.

నీ జవాబు సూటిగా ఉంది. చెల్లెలి బద్ధకం గురించి రాసిన మాట మాత్రం అనవసరం. అది ఇంటిపని ఏదీ వదలలేదు.

అయితే ఎవరో చెప్పారని నమ్మే అలవాటు నాకు లేదు, నువ్వు చెప్పినా సరే. అందుకని రజనికి పరీక్ష చేసిన చోటికే వెళ్ళి నా రక్తం ఇచ్చాను. అక్కడి మనిషి "డాక్టర్ కీ పర్చీ కహా హై, అమ్మాజీ?" అని డాక్టరు చీటీ అడిగాడు. నా రక్తానికి నా మాట చాలదా అని అడిగాను. సూది తీశాడు.

నిన్న రిపోర్టు వచ్చింది. ఏఎన్ఏ: పాజిటివ్. పక్కన 1:80 అని ఉంది.

నాకు షుగరు లేదు, నొప్పుల్లేవు, కళ్ళజోడు లేకుండా బైబిలు చదువుతాను. మోవా దాకా ఎండలో వెళ్ళి చర్చి సభ్యుల ఇళ్ళు చూసి వస్తాను. నా రక్తంలోనూ రజని రక్తంలోనూ ఒకటే ఫలితం. నేను రోగిని కాను. కాబట్టి ఆ ఫలితాన్ని పట్టుకుని దాన్ని రోగి అనడానికి వీల్లేదు.

రజని నా రిపోర్టు చూసి గంతులేసింది. "మామ్మా, నువ్వు కూడా పాజిటివేనా! చలో, సగం గోలీలు నువ్వు మింగు. అప్పుడు నా ముఖం ఒక్కటే గుమ్మడికాయ ఎందుకవుతుంది, ఇద్దరం అవుదాం" అంది. ఆ మాత్రల వల్ల దాని ముఖం గుండ్రంగా ఉబ్బింది. ఇంటివాళ్ళావిడ రోజూ "నోనీ ముంహ్ ఫూల్ గే హే, దాయీ" అని, పిల్ల ముఖం వాచిందని అంటుంటే అది గుమ్మం దాటడం మానేసింది.

నిన్నటి నుంచే మాత్రలు ఆపించాను. డాక్టరు ఆపవద్దని గట్టిగానే అన్నాడు. ఆయన తన వాక్యాన్ని రుజువు చేయలేదు, నేను నాది చేశాను. ఇప్పుడు ఆ ఫారం మీద రజని 'జబ్బు లేదు, మందు లేదు' అని రాస్తే అది అబద్ధం కాదు. ఈ ఇంట్లో ఎవరిచేతా అబద్ధం రాయించను. ఇన్నాళ్ళూ నా మనసుకు అదే ముల్లుగా ఉండేది, నీ ఉత్తరంతో తీరింది.

ప్రార్థనతో
మామ్మ


వేలూరు
8 జూలై 2004

మామ్మా,

ఇది చదివే ముందు కూర్చో. చదవగానే లేచి రజనిని ఆ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళు.

మాత్రల పేర్లు రాయమన్నాను, నువ్వు రాయలేదు. మన పక్కింటి సుభద్రగారికి ఫోన్ చేశాను. నువ్వు చర్చికెళ్ళావట, రజని వచ్చింది. "సబ్ ఠీక్ అక్కా" అంది. మాత్రలేవంటే "చిన్న తెల్లవి, పచ్చవి" అంది. ముఖం ఎలా ఉందంటే "తగ్గుతోంది, ఫారం మీద ఫోటో బాగా వస్తుంది" అని నవ్వింది. ముఖం గుండ్రమయ్యే చిన్న తెల్లమాత్రలంటే స్టెరాయిడ్లు, మామ్మా. వాటిని ఒక్కసారిగా ఆపకూడదు. ఒంట్లో సొంతంగా తయారయ్యేది ఆగిపోయి ఉంటుంది. డాక్టరు చెప్పిన ఆ పెద్ద పేరు లూపసేనా? స్టెరాయిడ్లు ఇచ్చాడంటే ఒక్క ఏఎన్ఏ చూసి ఇచ్చి ఉండడు. నాకు చెప్పని పరీక్షలు ఇంకేం ఉన్నాయి?

నీ 1:80 గురించి. బడిలో పిల్లలకు నిష్పత్తులు నేర్పిన మనిషివి, దాన్ని 'పక్కన ఉంది' అని రాసి వదిలేశావు! ఎనభై రెట్లు పలచన చేసే వరకే నీ రక్తంలో అది కనిపించిందని అర్థం. అది చాలా తక్కువ. పైగా ఏఎన్ఏ చెప్పేది కణకేంద్రంలో దేన్నో ఒకదాన్ని పట్టుకుంటోందని మాత్రమే. దేన్ని పట్టుకుంటోందో, ఎంత గట్టిగానో చెప్పదు. రెండు కాగితాల మీద ఒకే మాట ఉంటే రెండు ఒళ్ళు ఒకటి కావు.

నేను క్రితం ఉత్తరంలో సరిగా చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. డీఎన్ఏ అంటే మెలి తిరిగిన రైలు మార్గం అనుకో. రెండు పట్టాలు, మధ్యలో స్లీపర్లు. క్రిమిలోనైనా మనిషిలోనైనా పట్టాలు ఒక్కటే. స్లీపర్ల వరసలో తేడా ఉంటుంది. ఆరోగ్యవంతుల యాంటీబాడీలు ఎక్కువగా క్రిమి దారిలో మాత్రమే కనిపించే వరసను గుర్తుపట్టి అక్కడే పట్టుకుంటాయి. మన దారిని ముట్టవు. లూపస్‌లో పుట్టేవి పట్టానే పట్టుకుంటాయి. పట్టా అన్నిచోట్లా ఒకటే కాబట్టి వాటికి పరాయి దారి, సొంత దారి అన్న తేడా లేదు. అలా పట్టుకున్న ముద్దలు మూత్రపిండాల జల్లెడలో ఇరుక్కుని దాన్ని కాలుస్తాయి. నొప్పి ఉండదు. అందుకే భయం.

మూత్రంలో నురగ వస్తోందా? కాళ్ళు వాస్తున్నాయా? రజనిని అడుగు. 'మిగతా పరీక్షలు బాగుంటే' అని నేను రాసిన మాట మళ్ళీ చదువు.

ఉద్యోగం సంగతి తరువాత.

హెలెన్


గుఢియారీ
12 జూలై 2004

హెలెన్‌కు,

నీ ఉత్తరమేదీ ఈ వారం రాలేదు. నువ్వు ఫోన్ చేశావని, మాత్రల గురించి పోలీసులా ప్రశ్నలు వేశావని రజని చెప్పింది. ఫోన్లో అన్నమాటకు సాక్ష్యం ఉండదు. చెప్పాల్సింది ఉంటే రాయి. మెడికల్‌కు మూడు వారాలే ఉంది, దానికి ధైర్యం చెప్పాల్సిన అక్క భయం పెడితే ఎలా?

దాపరికం నా పద్ధతి కాదు కనుక మిగిలిన రెండు కాగితాలు నకలు రాసి పంపుతున్నాను. ఒకటి జంటపోగుల డీఎన్ఏ మీద యాంటీబాడీల పరీక్ష. రక్తం నాగపూర్ పంపి చేయించారు. మామూలు హద్దుకు పది రెట్ల పైన ఉంది. డీఎన్ఏ మీద యాంటీబాడీలు అందరికీ ఉంటాయని నువ్వే అన్నావు, కొందరికి ఎక్కువ ఉండవచ్చు. రెండోది మూత్రంలో ప్రోటీను, రెండు ప్లస్సులు. అది రోజూ నానబెట్టిన శనగలు తింటుంది, అందువల్ల కావచ్చు. నీకు మొదట రాయలేదంటే కారణం ఒకటే, నువ్వు చదువు వదిలి బండెక్కేదానివి.

మాత్రలు ఆపాక ముఖం సర్దుకుంది. కాళ్ళు మాత్రం కొంచెం బరువెక్కాయి. వానలో తడిసిన చెప్పులు బిగుసుకున్నాయని అది, మందు ఒంట్లోంచి దిగుతోందని నేను. కొత్త చెప్పులు కొన్నాం. నీరసంగా ఉందని మధ్యాహ్నాలు పడుకుంటోంది. "బస్, థోడా థకాన్ హై మామ్మా, నౌకరీ వస్తే కుర్చీలోనే కదా కూర్చునేది" అంటుంది.

నీకు ఆరోగ్యవంతులు సీసాల్లో దొరుకుతారు. నా ఇంట్లో ఒక్క పిల్ల ఉంది. దాని బతుకు నిలబడే సమయంలో నువ్వే రాసిన వాక్యాన్ని నువ్వే వెనక్కి తీసుకోవద్దు.

మామ్మ


వేలూరు
16 జూలై 2004

మామ్మా,

టపాను నమ్మలేను. నాన్న స్నేహితుడు రామమూర్తిగారు కాట్పాడిలో బండెక్కుతున్నారు. రాయ్‌పూర్‌లో దిగి తిన్నగా మనింటికి వచ్చి ఇది నీ చేతిలో పెడతారు. సుభద్రగారి ఫోన్ రెండు రోజులుగా మోగడం లేదు.

అవి శనగలు కావు. అవి చెప్పులు కావు. కిడ్నీలు దెబ్బతింటున్నాయి.

రామమూర్తిగారు ఆటో పట్టుకునే వస్తారు, ఆ ఆటోనే ఆపి ఉంచు. రజనిని ఆస్పత్రికి తీసుకెళ్ళు. రిపోర్టులన్నీ పట్టుకెళ్ళు, నీది తప్ప. మాత్రలు ఏ రోజు ఆపారో డాక్టరుకు మొదట చెప్పు. తిడితే పడు.

నా వాక్యం వెనక్కి తీసుకోవడం లేదు. దాంట్లో సగమే నువ్వు తీసుకున్నావు, సగమే నేను రాశాను. ఈ రెండు సగాల మధ్య రజని పడిపోతోంది.

రేపటి బండికి టికెట్టు దొరికితే నేనూ వస్తున్నాను. వద్దనకు.

హెలెన్


రాయ్‌పూర్, ఆస్పత్రి వరండా
18 జూలై 2004

హెలెన్‌కు,

నువ్వు బండిలో ఉంటే ఇది నీకు అందదు. ఒకవేళ టికెట్టు దొరకలేదేమోనని రాస్తున్నాను.

రామమూర్తి రాకముందే చేర్చాం. నిన్న పొద్దున రజని మంచం మీంచి లేవబోయి పడిపోయింది. ఇంటివాళ్ళావిడ, నేను చెరో చేయి పట్టాం. బీపీ పడిపోయింది, మూత్రం చాలా తగ్గింది. సెలైన్‌లో స్టెరాయిడ్ ఎక్కిస్తున్నారు. కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూడాలంటున్నారు.

డాక్టరు తిట్టలేదు. "ఆప్ పఢీలిఖీ హై, మాతాజీ" అన్నాడు. చదువుకున్నదానివి అని ఆ ఒక్కమాటే. తిట్టి ఉంటే బాగుండేది.

నీ ఎనిమిదో తారీఖు ఉత్తరం నిన్నే వచ్చిందట, సుభద్రగారు ఇక్కడికి తెచ్చి ఇచ్చారు. పట్టాల సంగతి చదివాను. అర్థమైంది.

ఇంకొకటి. 'మిగతా పరీక్షలు బాగుంటే' అన్న నీ మాట నేను జూన్‌లోనే చదివాను. కంటికి ఆనకపోలేదు.

ఎస్తేరు


వేలూరు
11 ఆగస్టు 2004

ప్రియమైన మామ్మకు వందనాలు.

క్షేమంగా చేరాను. అక్కడున్న ఇన్ని రోజుల్లో నువ్వూ నేనూ మాట్లాడుకున్నది టీ గురించి, దుప్పట్ల గురించి మాత్రమే. స్టేషన్‌లో నా సంచి మోసి, బండి కదిలేదాకా నిలబడ్డావు నువ్వు. అందుకే రాస్తున్నాను.

మొదటి ఉత్తరానికి నేను జవాబు రాసినప్పుడు నా ముందు రజని లేదు, నా ఫ్రీజరు ఉంది. నువ్వు అడిగినందుకు పొంగిపోయి, ఎవరికోసం అడుగుతున్నావో చూడలేదు. పైగా దాన్ని బద్ధకస్తురాలన్నాను. నాకు ఆ మాట ఇప్పుడు రోజూ గుర్తొస్తోంది.

బయాప్సీ రిపోర్టు ఇక్కడి డాక్టరుకు చూపించాను. దెబ్బ తగిలింది కానీ మచ్చ కట్టిన భాగం తక్కువ, మందులు మానకపోతే చాలావరకు కోలుకోవచ్చు అన్నారు. చాలావరకు అన్నారు, పూర్తిగా అనలేదు. నేను ఆ మాటకు ఇంకేమీ కలపను.

మెడికల్ తేదీ దాటిపోయింది కదా. ఆఫీసుకు ఏం రాయబోతున్నారు? రజని ఎలా ఉంది? మాత్రలు వేళకు వేస్తున్నావా?

నీ
హెలెన్


గుఢియారీ
29 ఆగస్టు 2004

ప్రియమైన హెలెన్‌కు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఏ వాక్యమూ దాటలేదు.

రైల్వే ఆస్పత్రివాళ్ళు కొత్త తేదీ ఇచ్చారు, నిన్న వెళ్ళివచ్చాం. ముందురోజు మీ నాన్నతో పనిచేసిన అప్పారావు వచ్చాడు. "టైఫాయిడ్ వచ్చి తగ్గిందని రాయండి పిన్నిగారూ. ఒక గుమాస్తా కిడ్నీ ఎవడు చూస్తాడు? పిల్ల బతుకు కదా" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. మొదటిసారి నాకు ఏం చెప్పాలో తోచలేదు. నిజం రాయమంటే దాని ఉద్యోగం నేను తీసేసినట్టు, అబద్ధం రాయమంటే దాని ప్రాణం నేను మళ్ళీ తీసినట్టు.

రజని అన్నం తింటోంది. తలెత్తకుండానే, "చాచా, నేను కుర్చీలో కూర్చుని పడిపోతే టైఫాయిడ్ వచ్చి లేపుతుందా?" అంది. అప్పారావు నవ్వాడు. అది నవ్వలేదు.

ఫారం అదే నింపింది. నేను వరండాలో బల్లమీదే ఉన్నాను, లోపలికి రావద్దంది. జబ్బు పేరు, మందుల పేర్లు, ఆపిన సంగతి, ఎందుకు ఆపారన్న సంగతి కూడా రాసిందట. 'మా మామ్మ ఆపించింది' అని రాశావా అని అడిగాను. "నహీ, 'మేం ఆపాం' అని రాశాను. మింగనిది నేను కదా" అంది. లోపలి డాక్టరమ్మ ఇప్పటికి అనర్హురాలని రాసింది. ఆరు నెలలు జబ్బు అదుపులో ఉంటే మళ్ళీ చూస్తామంది. అప్పటిదాకా పోస్టు ఉంటుందో ఉండదో ఆఫీసు చెప్పదట. బయటికి వచ్చాక రజని ఆ కాగితం మడిచి చీటీలా జాకెట్టులో పెట్టుకుంది, నాకు ఇవ్వలేదు.

కాళ్ళ వాపు తగ్గింది. ముఖం మళ్ళీ గుండ్రమైంది. ఈసారి గుమ్మం దాటుతోంది. ఇంటివాళ్ళావిడ ఏదో అనబోతే, "హౌ దాయీ, ఫూల్ గే. అభీ ఔర్ ఫూలహీ" అంది. అవును, వాచింది, ఇంకా వాస్తుంది అని. ఆవిడ చెంబు తీసుకుని లోపలికి పోయింది.

మాత్రలు వేళకు వేస్తున్నానా అని అడిగావు. నేను వేయడం లేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు నీళ్ళగ్లాసుతో, మాత్రతో దాని మంచం దగ్గరికి వెళ్ళాను. అది నా చేతికేసి చూసి, "అక్కడ పెట్టు మామ్మా" అంది. పెట్టి వచ్చాను. తరువాత డబ్బా తన తలగడ కిందికి తీసుకుంది. నేను అడగను. వంటింట్లో గిన్నె తోముతూ నీళ్ళు తాగిన చప్పుడు వస్తుందేమోనని వింటాను. కొన్నిసార్లు వస్తుంది, కొన్నిసార్లు రైలు చప్పుడే వస్తుంది.

కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. ఇకపై ఇలాంటివి అడగాలంటే ఉత్తరం దాని పేరునే రాయి.

మామ్మ